పదకొండో ప్రశ్నకు జవాబు

కర్నూలు,
14-6-1957

పెద్దనాయనకు సుబ్బరత్న మొక్కి రాసేది.

నేను బాగుండాను. రాజధాని హైదరాబాదుకు ఎత్తిపోయినాక ఈ ఊర్లో ఇండ్లు మిగిలినాయి, అద్దెకుండేవాళ్ళు మిగల్లేదు. మా ట్రైనింగు కాలేజీకి మాత్రం లాభమే అయింది. ఏదో ఆఫీసు ఖాళీ చేసిపోయిన మూడు గదులు మాకిచ్చినారు. గోడలకు ఇంకా వాళ్ళ క్యాలెండర్లే వేలాడుతాండాయి.

పోయినసారి నేను వచ్చినప్పుడు ఈ చదువు ఎప్పటికి తెములుతుందని నువ్వడిగితే సరిగా చెప్పలేకపోయినా. ఇప్పుడు రాస్తా, పెద్దమ్మకు కూడా చదివి వినిపించు. విద్యాశాస్త్రంలో డాక్టరేటు కావాలంటే మొదట రెండేండ్లు మద్రాసులో ఉండి చదవాల. అదయింది. ఒక రాతపరీక్ష గట్టెక్కాల. అదీ అయింది. ఇంక మిగిలింది పరిశోధన. పల్లెల్లో జనాన్ని ప్రశ్నలడిగి, వచ్చిన జవాబులు కూడి తీసి, సిద్ధాంత వ్యాసమని ఒక పుస్తకం రాయాల. టైపు కొట్టించి, అయిదు ప్రతులకు అట్టలు కట్టించి యూనివర్సిటీకి ఇయ్యాల. అంతకుముందే నా గైడు ప్రేమయ్య గారు చదివి, ఇది సరిగా జరిగిన పనే అని సంతకం పెట్టాల. తర్వాత ముగ్గురు పరీక్షకులు చదువుతారు. ఆఖరికి వాళ్ళ ఎదుట కూర్చుని అడిగినదానికల్లా నోటితో జవాబు చెప్పాల.

పుస్తకం ఇయ్యడానికి గడువు జనవరి 31. ఇప్పటికే ఒకసారి పొడిగించినారు, ఇంక పొడిగించరు. ఆ దినం దాటితే నాలుగేండ్ల చదువు చిత్తుకాగితమే.

నా అంశం నీకు తెలుసు. మన మెట్ట పల్లెల్లో పిల్లలు అయిదో తరగతికి రాకముందే బడి ఎందుకు మానేస్తారు అనేది. నూటఇరవై ఇండ్లలో ఈ ఫారాలు నింపించాల. నేనే రావాల్సింది గానీ కాలేజీ తెరిచే రోజులు, సెలవియ్యరు. మనూర్లో నీ మాట తీసేసేవాడు లేడు గదా, అందుకని రైలు పార్శిలులో నీకే పంపుతాండా. కమలాపురం స్టేషన్లో విడిపించుకో. అన్నింటికన్నా పదకొండో ప్రశ్న జాగ్రత్త. "మీ బిడ్డ బడి మానడానికి కారణమేమి?" నా వ్యాసమంతా దాని మీదనే నిలబడి ఉండాది.

నీ కూతురు,
సుబ్బరత్న


ఏటిగడ్డపల్లె,
25-6-57

అమ్మీ సుబ్బరత్నా,

నీ జాబూ కాగితాల మూటా ఒకే దినం అందినాయి. మూట చూసి మన రంగన్న మళ్ళీ దావా పడిందా అని అడిగినాడు. వాని తప్పు లేదు. మన ఇంటికి అంత కాగితం వచ్చి శానా ఏండ్లయింది.

నేను బడి మెట్టు ఎక్కినోణ్ణి కాదు. మా నాయనకూ ఎగవీధి వాళ్ళకూ చేని గట్టు మీద దావా పందొమ్మిదేండ్లు నడిచింది. ఆ కాగితాలు పెట్టెలో నుంచి తీసి ఎండబెట్టేది నా పని. ఎండబెడతా ఎండబెడతా చదవను నేర్చుకుంటి. లోకంలో పిల్లోళ్ళంతా అఆలు దిద్దితే నేను "సదరు ప్రతివాది" అని దిద్దినా. ఇప్పటికీ ఎవరి పెండ్లి పత్రికన్నా నా చేత రాయిస్తే "సదరు వరుడు" అని పడుతాదని మీ పెద్దమ్మ నవ్వుతాది. ఒకసారి పడింది కూడా. వరుని తరపువాళ్ళు నొచ్చుకున్నారు, అది వేరే కథ.

నీ ఫారం శానా బాగుండాది. పేరు, వయసు, భూమి, సంతానం, తర్వాత అసలు సంగతి. వాంగ్మూలం పద్ధతే. ముగ్గురు పరీక్షకులంటే బెంచి అన్నమాట. నోటితో జవాబు చెప్పడమంటే క్రాసు పరీక్ష. ఇదంతా నాకు తెలిసిన దోవనే, నువ్వు దిగులు పడొద్దు. నీ మీదికి మాట రానియ్యను. ఇరవై దినాల్లో నూటఇరవై ఇండ్ల మాటా నీ చేతిలో ఉంటాది, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా.

పెద్దమ్మ జొన్నపిండి పంపమంటాది. ఆ ఊర్లో జొన్నలు దొరకవా అంటే, దొరికినా విసిరేవాళ్ళు ఎవరుండారని నన్నే కసిరింది.

ఆశీర్వదించి,
ఓబులరెడ్డి


కర్నూలు,
20-7-57

పెద్దనాయనా,

ఫారాలు అందినాయి. ఇంత తొందరగా ఎవరికీ రాలేదంటే నమ్ము. మద్రాసులో నా తోటివాళ్ళు ఏడాదిగా పల్లెలు తిరుగుతాండారు. మూట విప్పకుండానే రేపు మద్రాసు పోతాండా, ప్రేమయ్య గారి ఎదుటనే విప్పుతా. ఆయన ముఖం చూడాల. కార్డులో చోటు లేదు. పెద్దమ్మకు నా దండాలు.

సుబ్బరత్న


కర్నూలు,
3-8-57

పెద్దనాయనా,

ప్రేమయ్య గారి ముఖం చూసినా.

మొదటి ఫారం తీసినారు. ఇంటి యజమాని వయసు నలభై రెండు, భూమి నాలుగెకరాలు, పిల్లలు ముగ్గురు. పదకొండో ప్రశ్నకు, "పంతులు మంచివాడు, బిడ్డ మంచివాడు, కాలమే బాగలేదు." బాగుందన్నారు. రెండోది తీసినారు. నలభై రెండు, నాలుగెకరాలు, ముగ్గురు, కాలం బాగలేదు. అట్ల ముప్పై దాకా ఓపిగ్గా తీసి, తర్వాత మధ్యలో నుంచి, అడుగు నుంచి తీసినారు. మహాదేవమ్మవ్వకు నలభై రెండేండ్లంట. ఆమె పండ్లు ఊడి ఇరవై ఏండ్లయింది.

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకుంటా, "ఏమ్మా, మీ ఊర్లో నూటఇరవై ఇండ్లలో ఒకే మనిషి కాపురముంటాడా?" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. ఇవి ఇంట్లో కూర్చుని నువ్వే రాసుకున్నావని ఎవరన్నా అంటే ఏం చెప్తావని అడిగినారు. నేనేం చెప్పాల? జవాబులు దొంగవని తేలితే గడువుతో పనే ఉండదు, పేరే కొట్టేస్తారు. అసలు ఏం జరిగిందో రాయి. పంతులు శ్రీనివాసులు ఒక్కడే కూర్చుని నింపినాడా?

సుబ్బరత్న


ఏటిగడ్డపల్లె,
11-8-57

అమ్మీ,

శ్రీనివాసులు పంతుల్ని అనొద్దు. ఆయన అంత పని ఎప్పుడూ చెయ్యలే. చేసింది నేను. ఎంత పాటు పడినానో నీకు తెలిస్తే ఈ మాదిరి జాబు రాసుండవు.

ఏడు దినాలు పొద్దు గూకే ముందు అందర్నీ నా వసారాకు పిలిపిస్తి. మన కులమోళ్ళు, గొల్లోళ్ళు పైన కూర్చున్నారు. ఏసేపు, ఆ వీధి వాళ్ళు కింద వాకిట్లో నిలబడినారు. దూరమైతే వినపడదని గొంతు పోయేదాకా అరిచి చెప్పినా. అందరిదీ ఒకే మాట అని తీర్మానించి, ఒక్కొక్కర్నీ లేపి అప్పజెప్పించుకున్నా. రంగన్న ఎన్నిసార్లు చెప్పినా నాకు అయిదుగురు పిల్లోళ్ళప్పా అంటాడు. ఇంట్లో అయిదుగురే ఉండనీ, కాగితంలో ముగ్గురు అంటి. వాడు బాధపడి, మిగిలిన ఇద్దర్నీ ఏం చెయ్యమంటావని అడిగె.

ఎందుకిట్ల చేసినానంటావా? మా నాయన దావాలో మన సాక్షి ఒకడు గట్టు మీద మేసిన ఎద్దు తెల్లదన్నాడు, ఇంకొకడు ఎర్రదన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పినారు, అది ఎర్రమచ్చల తెల్లెద్దు. అయినా దావా పాయె. ఆ దినం నుంచి ఈ ఊర్లో సాక్షుల మాట కలవకుండా ఒక్క కాగితం బయటికి పోలే. ఏసేపుకు యాభై ఏండ్లు, మహాదేవమ్మకు ఎనభై. నలభై రెండు ఎవరికీ నొప్పి లేని వయసు. కాలం బాగలేదంటే ఎవరి మీదికీ పోదు.

నీ ప్రేమయ్య గారు అవతలి పార్టీ వైపు మొగ్గినట్లుండాడు. అవతలి పార్టీ ఎవరో నువ్వు రాయలేదు. ఏమైనా మంచి చేసుకోవాల గదా అని, మద్రాసు పోయే మనిషి చేతికి నెయ్యి డబ్బా ఇచ్చి నేరుగా ఆయన ఇంటికే పంపినా. నీ పేరు చెప్పమన్నా. ఇంటి నెయ్యి, పెద్దమ్మ కాచింది.

ఓబులరెడ్డి


కర్నూలు,
27-8-57

పెద్దనాయనా,

నెయ్యి డబ్బా ఇప్పుడు నా గదిలో ఉండాది. ప్రేమయ్య గారు రైలు పార్శిలులో నాకు తిప్పి పంపినారు. దానితో చిన్న చీటీ. "ఇటువంటివి నా ఇంటికి రాకూడదు. దీన్ని బట్టి ఆ ఫారాలెట్ల వచ్చినాయో అర్థమవుతాంది." మూత వదులై సగం దోవలోనే కారింది. మిగతా సగానికి కర్నూలు చీమలన్నీ వచ్చినాయి.

అవతలి పార్టీ ఎవరూ లేరు. ఇది దావా కాదు. నాకు అందరూ ఒకే మాట చెప్పడం కాదు కావాల్సింది, ఎవరి మాట వాళ్ళు చెప్పాల. ఎద్దు తెల్లదని ఒకరు, ఎర్రదని ఒకరు అంటేనే అది మచ్చలెద్దని నాకు తెలుస్తుంది. ఇంత చిన్న సంగతి నీకెందుకు తెలియలేదో! నువ్వే బడికి పోయుంటే ప్రశ్నకూ సమన్లకూ తేడా తెలిసేది.

ఇంక నువ్వేమీ చెయ్యొద్దు. దసరా సెలవులకు వచ్చి అడుగుదామంటే, ఆ సెలవులు కూడా మాకు పరీక్షల పనికి పెట్టుకున్నారు. జనవరి పోతే పోనీ.

సుబ్బరత్న


కర్నూలు,
21-9-57

పెద్దనాయనా,

నీ దగ్గర్నుంచి జాబు రాక మూడు వారాలు దాటింది. ఆఖరి జాబులో ఒక మాట రాసినా. రాసేటప్పుడు నాకు పెద్దదిగా కనపడలేదు. పోస్టులో వేసినాక కనపడింది. నన్ను కడప హాస్టల్లో చేర్చను బండి కట్టింది నువ్వే. ఏమనుకోకు. ఒక్క కార్డన్నా రాయి.

సుబ్బరత్న


ఏటిగడ్డపల్లె,
13-10-57

అమ్మీ సుబ్బరత్నా,

కోపం వచ్చిన మాట నిజమే. పదిహేను దినాలు నీ పేరెత్తలేదు. మీ పెద్దమ్మ మాత్రం పొద్దున్నే నీ ఆఖరి జాబు చదివించుకునేది. రోజూ అదే చోట నేను గొంతు తగ్గిస్తే, అక్కడే మళ్ళీ చదవమనేది.

ఆ తర్వాత అయిదు దస్తాల కాగితం తెచ్చి, నీ ఫారం చూసి ప్రశ్నలన్నీ చేత్తో రాసుకొని ఇండ్లెంబడి బయల్దేరినా. ఎవరి మాట వాళ్ళు చెప్పండ్రా అంటి. మహాదేవమ్మ వయసు అడిగితే, ఏ వయసు రాసుకుంటావో నువ్వే రాసుకో రెడ్డీ అనె. పదకొండో ప్రశ్నకు పదిండ్లలోనూ కాలం బాగలేదనే జవాబు. అదెట్లరా అంటే, నువ్వు నేర్పిందే గదా అంటారు. ఏసేపు ఇంటి ముందర నిలబడి అడిగితే, అంతా మీ దయ అన్నాడు. ఇంగ నా ముఖం చూసి ఎవరూ చెప్పరని తెలిసిపాయె.

ఇంటికొచ్చి కాగితాలు విసిరికొడితే మీ పెద్దమ్మ, నేనడుగుతానంది. నీకు అక్షరం రాదే అంటి. అక్షరం నీ దగ్గర ఉండాది, అడగను నోరు చాలు అంది.

శెనక్కాయ చేన్లలో కలుపు తీసే కాలం. ఆమె తన కొడవలి తీసుకొని సాళ్ళల్లో ఆడోళ్ళ పక్కన కూర్చుని, కలుపు తీస్తా తీస్తా అడిగింది. రోజుకు ఏడెనిమిది ఇండ్లు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కొని గోడకానుకొని చెప్తాది, నేను రాస్తాను. ఎవరి మాటలోనూ ఒక్క ముక్క మార్చలే. ఇంత జ్ఞాపకమున్న మనిషికి ఇన్నేండ్లు నేను అబద్ధాలు ఎట్ల చెప్పి బతికినానో అర్థం కాలే.

రంగన్నకు అయిదుగురే. పెద్దోళ్ళిద్దరూ గొర్రెలెంట పోతారు. చిన్నోణ్ణి బడికి పంపితే, గొర్రె పిల్లొకటి వానెంట వచ్చి బడి వాకిట్లోనే నిలబడిందంట. శ్రీనివాసులు పంతులు రెండిటినీ తరిమినాడు. మహాదేవమ్మ మనవరాలు పలక పగిలి మానేసింది. ఒకామె ఏమో పంతులు రైలు దిగి వచ్చేసరికి పదకొండు, మళ్ళీ రైలుకు పోయేసరికి మూడు, అంత కాసేపటికి తల దువ్వి పంపేది దండగ అంది. అవన్నీ రాస్తి.

నాలుగో దినం ఏసేపు పెండ్లాం మాట చెప్పింది. వాళ్ళ పెద్దోడు మూడో తరగతి దాకా వచ్చినాడు. ఎట్ల వచ్చినాడంటే, నా వసారా కిటికీ కింద బయట కూర్చుని. ఎక్కాలు పదిహేడు దాకా నోటికి వచ్చు. నల్లబల్ల మాత్రం ఎప్పుడూ చూడలే. అక్షరాలు ఎట్లుంటాయో తెలియక మూడో తరగతిలో మానేసినాడు. వాన వస్తే ఆ వీధి పిల్లోళ్ళకు సెలవంట. బడి నా వసారాలో ఉండాది గదా. వసారా వాళ్ళు ఎక్కేది లేదు గదా.

నేను కలం ఆపి, ఇది ప్రశ్నకు సంబంధం లేని విషయం, వదిలేద్దామంటి.

మీ పెద్దమ్మ గోడకానుకున్న తల ఎత్తకుండా, "రాయి" అంది.

రాసినా. మరుసటి దినం ఆ వీధిదే ఇంకొకటి, ఆ మరుసటి దినం నాలుగు. అన్నీ కలిపి నలభై ఒకటి. కోర్టులో సాక్షి చెప్పింది గుమాస్తా రాస్తాడు, ముద్దాయి వింటాడు. ఈడ గుమాస్తా, ముద్దాయి ఒకే పీట మీద కూర్చున్నారు.

నూటఇరవై పంపుతాండా. ఏ రెండూ కలవవు. ఇట్లాంటి సాక్ష్యంతో ఏ దావా గెలవదు, నీ దావా ఎట్ల గెలుస్తుందో నాకైతే తెలియదు.

ఓబులరెడ్డి


కర్నూలు,
1-11-57

పెద్దనాయనా,

మొత్తం చదివినా. రెండుసార్లు. పెద్దమ్మ చెయ్యి పట్టుకొని కండ్లకద్దుకున్నానని చెప్పు.

ప్రేమయ్య గారు నాలుగు దినాలు ఉంచుకొని చదివినారు. గొర్రె పిల్ల దగ్గర నవ్వినారంట. కానీ మొదటి మూట గుర్తుంది గదా, ఆ నెయ్యి కూడా గుర్తుంది. సంతకం పెట్టే ముందు తనే వచ్చి పది ఇండ్లలో అడిగి చూస్తానంటాండారు. ఈ నెల 17న, ఆదివారం పొద్దున రైలుకు కమలాపురంలో దిగుతారు. నేను రాకూడదంట. నీకు ఈ జాబు రాస్తేనే ఎక్కువ అన్నట్టు చూసినారు.

పెద్దనాయనా, నీకు మొక్కుతా. ఎవరికీ ఏమీ నేర్పొద్దు. ఆయన వస్తాండారని కూడా చెప్పొద్దు. ఫారాల్లో రాసిందీ ఆయన చూసేదీ ఒకటైతే ఆ దినమే సంతకం. టైపు చెయ్యను నెల పడుతుంది, ఇంక పొద్దు లేదు. నువ్వు ఏమీ చెయ్యకుండా ఉంటే చాలు.

ఆ సగం నెయ్యి మనూరికొచ్చే మనిషి చేతికిచ్చి పంపినా. ఇక్కడ చీమలు చంపుతాండాయి.

సుబ్బరత్న


ఏటిగడ్డపల్లె,
19-11-57

అమ్మీ,

నువ్వు ఏమీ చెయ్యొద్దంటివి. చెయ్యలే. కానీ నీ జాబు రాకముందే ఒకటి చేసి ఉంటి. ఫారంలో ఆ ప్రశ్న లేదు కాబట్టి నీకు రాయలే.

దసరా సెలవులు కాగానే బడిని నా వసారాలో నుంచి దోవ పక్కనున్న శెనక్కాయల కొట్టంలోకి మార్పించినా. కొట్టానికి మెట్లు లేవు, ఎవరైనా నేరుగా లోపలికి పోవచ్చు. ఊర్లో అడిగినవాళ్ళకు, కాయలు పోసుకోను వసారా కావాల అన్నా. అబద్ధమేం కాదు. కాయలు వసారాలోనే ఉండాయి. రాత్రిళ్ళు ఎలుకలు మా మంచం కిందికొస్తాండాయి. మన కులమోళ్ళు కొందరు వారం దినాలు పిల్లోళ్ళను పంపలే. తర్వాత రైలు దిగొచ్చే పంతులు అక్కడే ఉంటాడని తెలిసి పంపినారు.

ఆదివారం ప్రేమయ్య గారు దిగినారు. సన్నగా, తెల్ల పంచె, చేతిలో మూర పొడుగు నోటుపుస్తకం. ఊర్లోకి రాంగానే ఏసేపు పెద్దోడు ఎదురుపడితే బడికి పోతావా అని అడిగినారు. వాడు పోతాండా సామీ, మూడో తరగతి అన్నాడు. ఆయన మన ఫారం తీసి చూసినారు. అందులో మూడో తరగతిలో మానేసినట్లు ఉండాది. ఇంకో ఇంటికి పోతే ఆ పిల్ల కూడా పోతాండాది. అట్ల ఆ వీధిలో ఆరిండ్లు. నేను వెనకాలే ఉండి, నీ నాలుగేండ్లు నా కండ్ల ముందరే పోతాండాయని చూస్తాండా.

ఆయన వెనక్కి తిరిగి, ఇవి కూడా తయారుచేసిన జవాబులేనా రెడ్డి గారూ అని మెల్లగా అడిగినారు.

ఊరంతా చేరింది. ఎవరికీ ఏమీ నేర్పలే గదా, తలా ఒకటి చెప్పినారు. రంగన్న పంతులు మారినాడన్నాడు. పంతులు మారలే, సోమవారం రైలు దిగేది అదే శ్రీనివాసులు. మహాదేవమ్మ తన వయసు నలభై రెండు కాదని ఆయనకు ప్రమాణం చేసి చెప్పింది, అడక్కపోయినా. ఇంకొకరు కాయలకోసం బడి మార్చినారన్నారు. నేను అదే మాట పట్టుకుందామని నోరు తెరిస్తే, మీ పెద్దమ్మ గడపలో నిలబడి నన్ను చూసింది.

ఇరవై ఏడు దావాల్లో సాక్ష్యం చెప్పినా. ఎదుటోడు గెలిచే సాక్ష్యం ఒక్కటీ చెప్పలే. అప్పుడు చెప్పినా. "అయ్యా, వీళ్ళు రాయించింది నిజం. నా వసారానే అడ్డం. అందుకని మార్చినా."

ఆయన రాసుకోలే. వసారా ఏదని అడిగినారు. చూపిస్తే పైకి ఎక్కకుండా పక్కకు పోయి, కిటికీ కింద బయట నిలబడి శానా సేపు పైకి చూసినారు. ఎందుకో నాకు అడగబుద్ధి కాలే. తర్వాత ఏసేపు కొడుకుని పిలిచి పదిహేడో ఎక్కం చెప్పమన్నారు. వాడు మధ్యలో తడబడితే ఆయన అందించినారు, పుస్తకం చూడకుండానే.

అప్పుడు వసారా ఎక్కి, కాయల మధ్య చాప మీద కూర్చుని గంట సేపు రాసుకున్నారు. మీ పెద్దమ్మ సంగటి పెడితే, నోటుపుస్తకం మూసి సంచిలో పెట్టినాకనే చెయ్యి కడిగినారు. నెయ్యి వేస్తాంటే ఎక్కడిదమ్మా అన్నారు. మీ ఇంటికొచ్చి, మీరు తిప్పి పంపితే కర్నూలు పోయి, చీమలు తినంగా మిగిలిందే సామీ అని మీ పెద్దమ్మ ఉన్నదున్నట్లు చెప్పింది. ఆయన నవ్వి, ఇంకొంచెం వేయమన్నారు.

సంతకం మాట మాత్రం ఏమీ చెప్పకుండా రైలెక్కినారు. నాకు దిగులుగా ఉండాది.

ఓబులరెడ్డి


కర్నూలు,
4-12-57

పెద్దనాయనా,

సంతకం పెడతారంట, ఒక షరతు మీద. ఇంకొక అధ్యాయం రాయాల. బడి జాగా మారినాక ఏమయిందనేది. పరిశోధకురాలు కారణం కనుక్కునేలోపల ఊరు దాన్ని తీసేసిన వ్యాసం తను ఇంతవరకూ చూడలేదంటారు. జనవరి ముంగిట్లో నిలబడి ఉంటే నువ్వు నాకొక అధ్యాయం పెంచినావు. పగలు పాఠాలు చెప్పి సాయంత్రం రాస్తాండా. టైపు చేసేవాడు నేను వాకిట్లో కనపడితేనే తల తిప్పుకుంటాడు.

బడి మార్చిన తేదీ, ముందూ తర్వాతా హాజరు వెంటనే పంపు. ఇంకొక మాట. వ్యాసం మొదటి పేజీలో ఇదంతా నా సొంత పని, వేరొకరిది కాదు అని ప్రమాణం రాసి సంతకం పెట్టాల. అడిగింది పెద్దమ్మ, రాసింది నువ్వు. నేను ఆ సంతకం ఎట్ల పెట్టేది?

సుబ్బరత్న


ఏటిగడ్డపల్లె,
10-12-57

అమ్మీ,

తేదీ అక్టోబరు 14. ముందు ఇరవై తొమ్మిది మంది, ఇప్పుడు అరవై మూడు. గొర్రె పిల్లను లెక్కలో వెయ్యలే.

ప్రమాణం గురించి ఆలోచించినా. ప్రశ్న నీది. జవాబులు వాళ్ళవి. మీ పెద్దమ్మది జ్ఞాపకం, దాన్ని ఆమె ఎవరికీ ఇయ్యదు. నాది చేతిరాత ఒక్కటే, అది టైపు కొట్టిస్తే పోతాది. నువ్వడగకుంటే మేము ఇంకో వంద ఏండ్లు కాలమే బాగలేదంటా కూర్చునేవాళ్ళం. సంతకం పెట్టు. కింద మా పేర్లు రాయాలంటే ముందు పెద్దమ్మ పేరు రాయి, లేకుంటే నాకు సంగటి పుట్టదు.

ఓబులరెడ్డి


కర్నూలు,
9-3-1958

పెద్దనాయనా, పెద్దమ్మా,

జనవరి 30న పుస్తకాలిచ్చిన సంగతి కార్డులో రాసినా గదా. మొన్న నోటి పరీక్ష అయింది. ముగ్గురూ రెండు గంటలు అడిగినారు. నువ్వు చెప్పినట్లే క్రాసు పరీక్షే. ఒకాయన పుస్తకంలో పెద్దమ్మ పేరు చూసి, ఈ సిద్దమ్మ గారు ఏ కాలేజీలో పరిశోధన పద్ధతులు నేర్చుకున్నారని అడిగినారు. కలుపు తీసే చేన్లో అన్నా. రాసుకున్నారు. బయటికి పొమ్మని, మళ్ళీ పిలిచి, లేచి నిలబడి నాతో చెయ్యి కలిపినారు. అయిపోయింది పెద్దనాయనా.

గది సర్దుతాంటే మొదట అచ్చు వేయించిన ఫారం ఒకటి మిగిలి కనపడింది. నూటఇరవై ఇండ్లను అడిగినాము, నిన్ను ఎవరూ అడగలేదు. ఆగస్టులో నేను రాసిన ఆ మాట ఉందే, బడికి పోయుంటే అని. దాన్ని నేను ఎత్తిపొడుపుగా రాసినా. ప్రశ్నగా అడగాల్సింది. అందుకని ఆ ఫారం దీంతో పంపుతాండా.

సుబ్బరత్న


ఏటిగడ్డపల్లె,
16-3-58

డాక్టరు సుబ్బరత్నమ్మకు,

ఈ మాట రాసేటప్పుడు మీ పెద్దమ్మ పక్కనే ఉండి, సరిగా రాసినానా లేదా అని వేలు పెట్టి చూసింది. ఆమెకు అక్షరాలు వస్తాండాయి. కొట్టం బడిలో ఆఖరి వరసలో కూర్చుంటాది. శెనక్కాయలు ఒలవను పోతాండా అని చెప్పి పోతాది, ఇంటికొచ్చేటప్పుడు చేతికి సుద్ద ఉంటాది.

ఫారం నింపి పంపుతాండా. ఎవరూ నేర్పలే.

పేరు: ఓబులరెడ్డి.

వయసు: అరవై ఎనిమిది.

భూమి: గట్టు దావాలో పోయింది పోంగా పదకొండెకరాలు.

సంతానం: కడుపున పుట్టినోళ్ళు లేరు. ఒకటి అని రాయమని మీ పెద్దమ్మ అంటాది. రాసినా.

వారిలో బడికి పోయేవారు: ఒకరు. ఇప్పుడే ముగించింది.

పదకొండో ప్రశ్నకు జవాబు: నాకు ఏడేండ్లప్పుడు ఊర్లో ఒకే బడి. ఎగవీధి వాళ్ళ వసారాలో ఉండె. మా నాయన మీద వాళ్ళు దావా వేసినారు. వేసిన మరుసటి దినం పలక పట్టుకొని పోతే, మెట్టు మీదనే నిలబెట్టి ఇంటికి పొమ్మన్నారు. కొన్నాళ్ళు వాళ్ళ కిటికీ కింద కూర్చుంటి. ఎక్కాలు వచ్చినాయి. పెద్దయినాక బడి మా వసారాకు తెచ్చుకున్నా, ఇంగ ఎవరూ నన్ను మెట్టు దిగమనకుండా. అప్పుడు కిటికీ మాట మర్చిపోయినా.

గడువు దాటింది కాబట్టి దీన్ని లెక్కలో కలపొద్దు. నూటఇరవై నూటఇరవైగానే ఉండనీ. కాగితం మాత్రం పారెయ్యకు.

సదరు ఓబులరెడ్డి